944 : ఒక ఏకపక్ష క్రీడాసమరం

1994 జనవరిలో, మా అత్తిలి పరిసరాలలో సార్వా కోతలు ముగిసి, ఎండిన చేలలో పిల్లలు కొబ్బరిమట్టలతో క్రికెట్టు ఆడుకొంటున్న రోజులలో, దినపత్రికలో ఒక సంఖ్యను చూచి నివ్వెరపోయాను. సికింద్రాబాదులో జరిగిన రంజీ ట్రోఫీ లీగు పోటీలో, హైదరాబాదు జట్టు ఆంధ్ర జట్టుపై ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసిందట! రంజీ చరిత్రలో ఒక ఇన్నింగ్స్‌లో ఇంతటి రాశి అంతకు పూర్వం లేదు, ఆ తరువాతా లేదు.

మరునాడు తరగతిలో ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఇందులో మనవాళ్ళెవరండీ?" అని అడిగాడు. సంధులలోను సమాసాలలోను తడుముకోని నేను ఆ ప్రశ్నకు తడబడ్డాను. "ఇద్దరూ తెలుగువాళ్ళేరా" అని మాత్రం అన్నాను.

ఆ ఇన్నింగ్స్‌లో ఎం.వి.శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ అజేయంగా 207 పరుగులు చేశారు. ముగ్గురివీ కలిపితే 784. తక్కినవారివి, ఎక్స్‌ట్రాలతో సహా, 160 మాత్రమే. శ్రీధర్ ఆటకు దిగినపుడు జట్టు స్కోరు 30, వెనుదిరిగినపుడు 880. ఒక బ్యాట్స్‌మన్ క్రీజులో ఉండగా 850 పరుగులు రావడం ప్రపంచ రికార్డు. వైద్యవిద్య నభ్యసించిన ఈ శ్రీధర్ జన్మస్థలం విజయవాడ! కృష్ణాతీరంలో పుట్టినవాడు హైదరాబాదు పక్షాన నిలిచి ఆంధ్రపై ఈ ఘనత సాధించాడు. 2017లో ఆయన అకాలమరణం చెందారు.

ఒకే రాష్ట్రానికి రెండు జట్లేమిటని నేటి యువతకు సందేహం కలుగవచ్చు. 1934-35లో రంజీ పోటీలు ఆరంభమైననాడే హైదరాబాదు సంస్థానం జట్టు బరిలో ఉన్నది. 1937-38లో విజేత కూడా అయినది. అప్పటికే అక్కడ మొయినుద్దౌలా గోల్డ్‌కప్ పోటీలు, సికింద్రాబాదు కంటోన్మెంటు మైదానాలు ఉన్నాయి. ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టినది 1953-54లో. 1956లో రాష్ట్రాలు ఏకమైనా జట్లు ఏకం కాలేదు. 1994 నాటికి హైదరాబాదుకు రెండు రంజీ విజయాలున్నవి; భారత జట్టు నాయకుడు అజారుద్దీన్ ఆ నగరవాసియే. ఆంధ్ర జట్టు నుండి ఎదిగిన ఎమ్మెస్కే ప్రసాద్ టెస్టు ఆడినది 1999లో. కనుక 944లో పరుగులతోపాటు అనేక దశాబ్దాల వ్యత్యాసం కూడా లెక్కకు వచ్చిందని నా అభిప్రాయం.

అయితే కాలచక్రం తిరుగక మానదు కదా! 2024 జనవరిలో హైదరాబాదుకు చెందిన తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్‌పై 181 బంతులలో సరిగ్గా అదే 366 పరుగులు చేశాడు. కాని ఆ యేడు హైదరాబాదు ఆడినది క్రింది శ్రేణియైన ప్లేట్ విభాగంలో. ఆంధ్ర జట్టు పై శ్రేణిలో క్వార్టర్ ఫైనల్ చేరి, ఇందూరులో మధ్యప్రదేశ్ చేతిలో కేవలం 4 పరుగుల తేడాతో ఓడింది. ఒకనాడు 944 పరుగులు సమర్పించుకొన్న జట్టు, ముప్పదేండ్లకు నాలుగు పరుగులకై చివరిదాకా పోరాడింది.

ఆ విద్యార్థికి ఆనాడు నేను చెప్పినది అబద్ధం కాదు గాని, సగమే చెప్పాను. 366 కొట్టినవాడు మనవాడే. ఆరు వికెట్లు పడేసరికి 944 పరుగులిచ్చి, అయినా డిక్లేర్ చేసేవరకు బంతి వేయడం మానని ఆ బౌలర్లు కూడా మనవాళ్ళే. వారి పేర్లు ఏ రికార్డుల పట్టికలోను కనిపించవు. ఈ మాట ఆనాడే వాడికి చెప్పి ఉండవలసినది.