గీసినదే మిగిలింది

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం ఇవ్వమని మన సంపాదకవర్గం వారు అడిగారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో 33 సంవత్సరాలు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ఇప్పుడు పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. అయితే మా వృత్తికీ ఒక చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం మన అమరావతిలోనే జరిగింది. ఎదుట ఉన్నదాన్ని చూసి ఉన్నది ఉన్నట్టు గీయడమనే చిన్న పని ఎంత విలువైనదో చెప్పటానికి ఆ కథ ఒక్కటి చాలు. మిత్రులు ఓపికగా చదవగోరుతాను.

కైఫీయతులు అనగానే మనకు కల్నల్ కాలిన్ మెకంజీ పేరు గుర్తుకొస్తుంది. స్కాట్లండుకు చెందిన ఒక దీవిలో పుట్టి, 1783లో మద్రాసులో దిగి, 1821లో కన్నుమూసేదాకా మళ్లీ స్వదేశం మొహం చూడని సైనిక ఇంజనీరు ఆయన. ఏలూరు వారైన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కుడిభుజాలుగా ఉండి శాసనాలు, స్థానిక చరిత్రలు సేకరించారు. ఈ సంగతి చాలామందికి తెలుసు. ఆయన గీయించిన బొమ్మల సంగతి తెలిసినవారు మాత్రం తక్కువ.

18వ శతాబ్ది చివరి రోజుల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్టణం కట్టించారు. ఊరి పక్కన దీపాలదిన్నె అని పిలిచే పెద్ద మట్టిదిబ్బ ఒకటి ఉండేది. కట్టడాలకు ఇటుక, రాయి కావలసి ఆ దిబ్బను తవ్వితే చెక్కడపు పలకలు బయటపడ్డాయి. అది బౌద్ధుల మహాస్తూపమని అప్పటికి అక్కడ ఎవరికీ తెలియదు. కబురు విని మెకంజీ ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు. మళ్లీ తీరిక చేసుకుని వచ్చింది 1816లో. అప్పటికి ఆయన భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్. ఈలోగా దిబ్బ నడిభాగాన్ని చెరువుగా తవ్వేశారు. మొదటిసారి కంటబడినదంతా రెండోసారి లేదు.

ఇక ఆలస్యం చేయకూడదని ఆయనకు తోచింది కాబోలు, తన డ్రాఫ్ట్స్‌మన్లను అమరావతిలో దింపాడు. మద్రాసులో 1794లో కంపెనీ ప్రభుత్వం ఒక సర్వే పాఠశాల పెట్టింది. ఇప్పటి గిండీ ఇంజనీరింగు కళాశాలకు అదే మూలం. అందులో తర్ఫీదు పొందిన కుర్రాళ్లు సర్వే శాఖలో చేరి దేశమంతా తిరిగి నక్షాలు గీశారు. మా వృత్తికి వారు మూలపురుషులు. మెకంజీ మనుషులు 1816, 1817 సంవత్సరాల్లో అమరావతిలో పలక పలకనూ చూసి, కొలిచి, కాగితం మీదికి ఎక్కించారు. దిబ్బ నక్షా కూడా తీశారు. అలా సుమారు 80 బొమ్మలు తయారయ్యాయి. వాటి సంపుటం ఈనాటికీ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది.

అప్పటికి ఫోటో తీసే విద్య ఇంకా లోకానికి తెలియదు. కంటితో చూసిందీ చేతితో గీసిందే సాక్ష్యం. పైగా ఆ కుర్రాళ్లకు బౌద్ధం గురించి ఏమీ తెలియదు. తాము గీస్తున్నది ఏ జాతక కథో వారికి తెలియదు. తెలియకపోవడం ఒక విధంగా మంచిదే అయింది. తోచినది కల్పించకుండా కనబడినదే గీశారు. ఎద్దు మూపురం, సింహం జూలు, ఏనుగు దంతం, విరిగిన చోట విరిగినట్టే.

ఆ తరువాత జరిగింది తలచుకుంటే బాధ కలుగుతుంది. అమరావతి శిల్పాలను మనం పాలరాయి అంటాం గాని, నిజానికి అది పల్నాటి సున్నపురాయి. కాల్చితే సున్నం అవుతుంది. ఎన్నో పలకలు సున్నపు బట్టీల పాలైనాయి. కొన్ని గోడల్లోకి, మెట్లలోకి పోయాయి. కొన్ని బందరు చేరి అక్కడి అంగడి కూడలిలో నిలబడ్డాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండను వెళ్లాయి. అక్కడ కూడా వాటికి వెంటనే గౌరవం దక్కలేదు. జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడు 1867లో వాటిని ఒక బండ్ల కొట్టంలో కనుగొన్నాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అదే 1880లో ఇక్కడ మద్రాసు ప్రభుత్వం వారు మిగిలిన దిబ్బనంతా ఒక్కసారిగా తవ్వించేశారు. ఏ రాయి ఏ చోట ఉండేదో జాడ తెలియకుండా పోయింది. కాబట్టి తప్పు ఒక్కరిది కాదు. జమీందారు, కంపెనీ, సర్కారు, సున్నం కాల్చుకున్న సామాన్యుడు, అందరిదీ.

ఇంత వినాశం తరువాత చూస్తే, 1816 నాటి డ్రాఫ్ట్స్‌మన్లు గీసిన పలకల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. ఆ శిల్పాలకు కాగితం మీది గీతలే మిగిలిన రూపం. మరికొన్ని అప్పుడు నిండుగా ఉండి ఇప్పుడు ముక్కలైనాయి. ఆ ముక్క ఏ పలకలోదో తేల్చాలంటే పండితులు నేటికీ ఆ బొమ్మలనే తెరుస్తారు. నెలజీతానికి పనిచేసిన ఆ ఉద్యోగులు తమ పని 200 ఏళ్ల తరువాత కూడా అక్కరకు వస్తుందని కలగని ఉండరు.

ఇంకో విశేషం. ఆ మహాస్తూపం ఎలా ఉండేదో ఈనాడు మనకు ఎలా తెలిసింది? అమరావతి వెళితే కనబడేది పొట్టి ఇటుకల తిన్నె మాత్రమే. గుండ్రని అండం లేదు, చుట్టూ కంచె లేదు. అయినా దాని ఆకారం తెలుసు. ఎందుకంటే ఆనాటి శిల్పులే స్తూపం బొమ్మను పలకల మీద చెక్కి, ఆ పలకలను స్తూపానికే తాపడం చేశారు. వాకిలి దగ్గర సింహాలు, ముందుకు పొడుచుకు వచ్చిన వేదిక మీద వరుసగా 5 ఆయక స్తంభాలు, అండం మీద పూలదండల చెక్కడం, అన్నీ ఆ పలకల్లో ఉన్నాయి. అటువంటివి చెన్నైలోనూ లండనులోనూ ఉన్నాయి. అంటే భవనాన్ని చూసి గీసే పని మెకంజీతో మొదలు కాలేదు. సుమారు 1,800 ఏళ్ల కిందటే మన శిల్పి ఆ పని చేసి పెట్టాడు. భవనం పోయింది, బొమ్మ మిగిలింది.

మూడో వ్యక్తిని కూడా తలచుకోవాలి. శ్రీ సి. శివరామమూర్తి గారు మద్రాసు మ్యూజియంలో క్యూరేటరుగా ఉంటూ 1942లో అక్కడి అమరావతి శిల్పాల మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆయన పండితుడే గాక మంచి చిత్రకారుడు. శిల్పాల్లోని నగలు, తలపాగాలు, ఆయుధాలు, బండ్లు, కుర్చీలు విడివిడిగా గీతల్లో చూపించారు. గుంపులో గుంపుగా కనబడే చిన్న వస్తువు ఆ గీతల వల్ల మన కంటికి ఆనుతుంది. మన పూర్వులు ఏ కడియం తొడిగారో, ఏ పీట మీద కూర్చున్నారో ఆ పుటలు తిప్పితే తెలుస్తుంది.

ఇక నా సంగతి. మా అబ్బాయి చెన్నైలో ఉంటాడు. పదవీ విరమణ తరువాత ఏడాదికోసారి అక్కడికి వెళ్లడం, పగలంతా ఊరికే కూర్చోలేక ఎగ్మూరు మ్యూజియానికి పోవడం అలవాటైంది. 1851లో ఏర్పడిన ఆ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ప్రత్యేకమైన చోటు ఉంది. అందులో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రని పలక ఒకటి ప్రసిద్ధమైనది. దేవదత్తుడు బుద్ధుని మీదికి మదపుటేనుగును వదిలిన కథ. అదే ఏనుగు ఒకే పలకలో రెండుసార్లు ఉంటుంది. ఒక పక్క మనుషులను తొక్కుతూ వీధిలోకి దూకుతుంది, మరో పక్క బుద్ధుని ముందు మోకరిల్లుతుంది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. భవనమూ జంతువూ రెండూ నేర్చుకోదలచినవాడికి అంతకంటె మంచి పాఠం దొరకదు.

మొదటిరోజు నోటుపుస్తకం తీసి పాత అలవాటు కొద్దీ వృత్తం చక్కగా గీశాను, మేడ గీశాను. ఏనుగు దగ్గర చెయ్యి ఆగిపోయింది. 33 ఏళ్లు టీ స్క్వేరుతో గీసిన చేతికి వంపు రాలేదు. ఎలాగో ముగించి ఇంటికి తెస్తే, అప్పటికి ఎనిమిదేళ్ల మా మనవరాలు చూసి "తాతయ్యా, ఈ గేదెకు తోక ముందుందేమిటి?" అంది. నవ్వుకున్నాం గాని నాకు రోషం వచ్చింది. మర్నాడు అదే ఆవరణలో జంతుశాస్త్ర విభాగానికి వెళ్లి ఏనుగు అస్థిపంజరం ముందు గంటసేపు నిలబడ్డాను. కాళ్లు స్తంభాల్లా నిటారుగా ఉండి అంత బరువునూ ఎలా మోస్తున్నాయో, మోకాలు ఎంత కిందికి ఉందో అప్పుడు తెలిసింది. తిరిగి వచ్చి శిల్పం చూస్తే, పేరు తెలియని ఆ శిల్పికి ఇదంతా తెలుసునని అర్థమైంది. అతడు బతికి ఉన్న ఏనుగును ఎన్ని రోజులు చూశాడో!

నాలుగైదు ఏళ్ల అభ్యాసంలో తెలుసుకున్నవి కొన్ని మనవి చేస్తాను. ముందు కాసేపు ఏమీ గీయక చూడాలి. చెయ్యి పూర్తిగా చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, బొటనవేలితో ఎత్తు వెడల్పులు పోల్చుకోవాలి. జంతువుకు ముందుగా వెన్నుగీత, తరువాత బరువు మోసే కాలు, కళ్లూ చెవులూ ఆఖరున. భవనానికి ముందుగా నేలగీత, ఒక నిలువు గీత, వాటిని ఆధారం చేసుకుని మిగిలినవి. కాగితం కంటె వస్తువును ఎక్కువ సేపు చూడాలి. మ్యూజియం సిబ్బందిని ముందుగా అడగటం మర్యాద. పెన్సిలే మంచిది, ఇంకు సీసాలు వద్దు. రాతి జంతువులు కదలవు గనుక మన వయసు వారికి ఇది అనుకూలమైన విద్య. చెయ్యి వణికినా ఫరవాలేదు, కన్ను నిలకడగా ఉంటే చాలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా మనసులో ఒక బాధ ఉంది. మా ఊళ్లో మా తాతగారు కట్టిన మండువా ఇల్లు ఉండేది. 1991లో అన్నదమ్ముల వాటాలు తేలాక దాన్ని పడగొట్టి కలప అమ్మేశాం. ఉద్యోగంలో ఎన్ని భవనాలకు నక్షాలు గీశానో లెక్కలేదు. మా ఇంటిని ఒక్కనాడు కూడా కాగితం మీద పెట్టలేదు. ఎప్పుడూ ఉండేదే గదా అనుకున్నాను. మొన్న సంక్రాంతికి మా అక్కయ్యకూ నాకూ వాదన వచ్చింది. మండువా చుట్టూ స్తంభాలు 8 అని ఆమె, 10 అని నేను. వీధి గుమ్మం మీద చెక్కిన చిలకలు ఎదురెదురుగా చూసేవని ఆమె, వెనుదిరిగి ఉండేవని నేను. తేల్చి చెప్పేవారు ఇప్పుడెవరూ లేరు. అమరావతి పలకలకు సాక్ష్యం ఉంది, మా గుమ్మానికి లేదు. దీపాలదిన్నె తవ్వినవారిని తప్పుపట్టే అర్హత నాకెక్కడిది?

కాబట్టి మిత్రులకు ఒక విన్నపం. మీ ఊళ్లో పాత ఇల్లు, గుడి మండపం, రచ్చబండ, రాతి నంది ఏది మిగిలి ఉన్నా ఒక పూట దాని ముందు కూర్చుని గీయండి. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోటో తీసే ఫోను ఉంది, నిజమే. ఫోటో కూడా తీయండి. కాని గీయటానికి కూర్చుంటేనే స్తంభాలు లెక్కబెడతాం, చిలకలు ఎటు చూస్తున్నాయో గమనిస్తాం. బొమ్మ కింద ఊరి పేరు, తేదీ, కొలతలు రాయండి. మనవలను వెంట తీసుకువెళ్లండి, మా మనవరాలిలా తప్పులు పట్టేవారు పక్కన ఉండటం మంచిది.

డిసెంబరు 17న పింఛనుదారుల దినోత్సవానికి ఎలాగూ అందరం కలుస్తాం. ఎవరు గీసినవి వారు తెస్తే సభా మందిరంలో ఒక బల్ల మీద పెట్టి చూద్దాం. నా ఏనుగును తెస్తాను. ఇప్పుడు దాన్ని ఎవరూ గేదె అనరని నా నమ్మకం.