మీ షాప్ వెబ్‌సైట్ అసలు ఎవరి పేరు మీద ఉంది? హోస్టింగ్ చరిత్ర నేర్పే పాఠం

ఈ రోజు కథ మన వరంగల్ కొత్తవాడలో మొదలవుతుంది. కొత్తవాడ అంటేనే దర్రీలు. 2018లో వరంగల్ దర్రీలకి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. మా మామకి అక్కడ ఒక చిన్న దర్రీల దుకాణం ఉంది. ట్యాగ్ వచ్చిన ఊపులో ఆయన ఒక వెబ్‌సైట్ పెట్టించాడు. విజిటింగ్ కార్డులు, సంచులు, బిల్లు బుక్కులు... అన్నిటి మీదా ఆ అడ్రస్సే ప్రింట్ చేయించాడు.

రెండేళ్ల తర్వాత ఒక రోజు పొద్దున్నే ఫోన్. "ఏంది అల్లుడూ, మన సైట్ తెరిస్తే ఏందో పేకాట అడ్వర్టైజ్‌మెంట్ వస్తున్నది?"

వెళ్లి చూస్తే విషయం ఇది. సైట్ చేసిన అబ్బాయి డొమైన్‌ని తన పేరు మీద, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. తర్వాత ఉద్యోగం మారాడు, నంబర్ మారింది. రెన్యువల్ మెయిల్స్ అన్నీ అతని పాత ఇన్‌బాక్స్‌కి వెళ్లాయి. గడువు దాటింది, ఆ పేరు వేరే ఎవరో కొనుక్కున్నారు. తమాషా ఏంటంటే, హోస్టింగ్‌కి మామ మూడేళ్ల డబ్బులు ముందే కట్టాడు. సర్వర్‌లో ఫోటోలు, పేజీలు అన్నీ భద్రంగానే ఉన్నాయి. కానీ అక్కడికి వెళ్లే అడ్రస్ పోయింది.

మామ ఒక్క మాట అడిగాడు. "మడిగె కిరాయికి తీసుకుంటే కాయితం నా పేరు మీదనే రాస్తరు గదా, గిదెట్ల వాని పేరు మీద ఉన్నది?"

ఈ ప్రశ్న పట్టుకుని కొంచెం వెనక్కి వెళ్దాం. ఎందుకంటే మామకి జరిగింది కొత్తదేం కాదు. గత ముప్పై ఏళ్లలో ప్రపంచమంతా ఇదే దెబ్బ రకరకాలుగా తింది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. మొదటి రోజు లిస్టులో బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు మాత్రమే ఉన్నాయి. హైదరాబాద్ లేదు, ఇక వరంగల్ సంగతి చెప్పక్కర్లేదు. స్పీడ్ 9.6 కేబీపీఎస్. అంటే మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో పంపాలంటే గంట దాకా పట్టేది. ఆ రోజుల్లో చిన్న దుకాణానికి వెబ్‌సైట్ అంటే ఊహకి కూడా అందదు.

మరి ఇప్పుడు నెలకి వంద, రెండొందలకే హోస్టింగ్ ఎలా వస్తోంది? దీని వెనక ఒక చిన్న టెక్నికల్ మార్పు ఉంది. మొదట్లో ఒక్కో వెబ్‌సైట్‌కి విడిగా ఒక ఐపీ అడ్రస్ కావాల్సి వచ్చేది. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్ తనకి ఏ సైట్ కావాలో పేరు పెట్టి అడగడం తప్పనిసరి చేశారు. ఒకే డోర్ నంబర్ ఉన్న అపార్ట్‌మెంట్‌కి వచ్చి, ఫలానా వాళ్ల ఫ్లాట్ ఏది అని వాచ్‌మన్‌ని అడిగినట్టు. దాంతో ఒకే మెషీన్ మీద, ఒకే ఐపీ మీద వందల సైట్లు పెట్టడం మొదలైంది. అదే షేర్డ్ హోస్టింగ్. చౌక ఎందుకంటే ఖర్చు వందల మంది పంచుకుంటున్నారు. పక్క ఫ్లాట్ వాడు మోటార్ వేస్తే మన నల్లా సన్నగా వచ్చినట్టు, పక్క సైట్‌కి రద్దీ పెరిగితే మన సైట్ నెమ్మదించేది కూడా అందుకే.

చౌక తర్వాత ఫ్రీ. 1994లో అమెరికాలో జియోసిటీస్ మొదలైంది. ఎవరైనా ఉచితంగా పేజీ పెట్టుకోవచ్చు. 1999లో యాహూ దాన్ని 350 కోట్ల డాలర్లకి పైగా విలువ కట్టి కొన్నది. పదేళ్లు తిరిగేసరికి, 2009 అక్టోబర్ 26న మూసేసింది. లక్షల పేజీలు పోయాయి. కొందరు వాలంటీర్లు కూర్చుని కాపీ చేసుకున్నంత మేరకు మిగిలింది.

అది అమెరికా కదా అనుకోకండి. 2011లో గూగుల్, హోస్ట్‌గేటర్ కలిసి మన చిన్న వ్యాపారులకి ఏడాది పాటు ఫ్రీ డాట్ ఇన్ డొమైన్, ఫ్రీ సైట్ అని ఒక కార్యక్రమం పెట్టాయి. తర్వాత 2017లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ నుంచే ఫోన్‌లో సైట్ చేసుకునే సౌకర్యం వచ్చింది. టైలర్లు, టిఫిన్ సెంటర్ల వాళ్లు కూడా వాడుకున్నారు. 2024 మార్చిలో ఆ సైట్లన్నీ ఆపేశారు. సొంత డొమైన్ ఉన్నవాళ్లు సైట్‌ని వేరే చోట కట్టుకుని అదే పేరు దానికి తగిలించుకున్నారు. లేనివాళ్లకి పాత అడ్రస్ పోయినట్టే.

సరే, డబ్బులు కడితే సేఫా? 2021లో జరిగిన రెండు సంఘటనలు చూడండి.

ఒకటి మన దేశంలోనే. నెట్ 4 ఇండియా అనే పాత డొమైన్ రిజిస్ట్రార్ మీద 2019లో దివాలా ప్రక్రియ మొదలైంది. డబ్బులు కట్టిన కస్టమర్లే డొమైన్ రెన్యూ చేసుకోలేక, వేరే చోటికి మార్చుకోలేక ఇబ్బంది పడ్డారు. 2021 ఫిబ్రవరిలో డొమైన్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ ఆ కంపెనీ గుర్తింపు రద్దు చేస్తూ నోటీసు ఇచ్చింది. ఆ తర్వాత అక్కడున్న వేల డొమైన్లని మరో రిజిస్ట్రార్‌కి అప్పగించారు.

రెండోది ఫ్రాన్స్‌లో. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయింది. సుమారు 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్‌కి విడిగా డబ్బులు కట్టిన ఒక కస్టమర్‌కి, ఆ బ్యాకప్ కూడా కాలిన భవనంలోనే ఉందని తర్వాత తెలిసింది. కోర్టుకి వెళితే 2023లో నష్టపరిహారం ఇమ్మని తీర్పు వచ్చింది. పరిహారం వస్తుంది కానీ పోయిన డేటా రాదు కదా.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఒకటే. ఏ కంపెనీ మంచిది అని అడుగుతాం కానీ, రేపు ఆ కంపెనీ లేకపోతే నేను బయటికి రాగలనా అని అడగం. హోస్టింగ్ అంటే కిరాయి మడిగె. ఎప్పుడైనా ఖాళీ చేయాల్సి రావచ్చు. బోర్డు మీద పేరు, లోపలి సరుకు మాత్రం మనవై ఉండాలి. పేరు అంటే డొమైన్, సరుకు అంటే బ్యాకప్.

అందుకే హోస్టింగ్ తీసుకునే ముందు ఇవి చూసుకోండి.

డొమైన్ మీ పేరు మీద, మీరు రోజూ చూసే ఈమెయిల్‌తో ఉండాలి. వీలైతే డొమైన్ ఒక చోట, హోస్టింగ్ ఇంకో చోట పెట్టండి. డాట్ కామ్ గడువు దాటినా వెంటనే పోదు. డిలీట్ చేశాక కూడా 30 రోజులు వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది, ఫీజు మాత్రం గట్టిగా పడుతుంది. అసలు గడువు దాటిందని మనకి తెలియాలి కదా!

మొదటి ఏడాది ఆఫర్ రేటు కాదు, రెన్యువల్ రేటు చూడండి. 99.9 శాతం అప్‌టైమ్ అని రాస్తే, ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు సైట్ ఆగినా వాళ్లు మాట తప్పనట్టే. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కి విడిగా డబ్బులు అడిగితే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ దాన్ని ఫ్రీగా ఇస్తోందని గుర్తుపెట్టుకోండి.

కస్టమర్లు ఇక్కడి వాళ్లయితే సర్వర్ మన దేశంలో ఉంటే మేలు. అందుకు ఇప్పుడు కొదవ లేదు. 2007లో మొదలైన కంట్రోల్ ఎస్ మన హైదరాబాద్ కంపెనీయే. అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబైకి, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌కి వచ్చింది.

ఇక బ్యాకప్. నెలకోసారి సైట్ మొత్తం డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. అలా డౌన్‌లోడ్ చేసుకోనివ్వని చోట అసలు చేరకండి.

మామ సంగతేమైందంటారా? పాత పేరు దొరకలేదు. చివర ఒక పదం కలిపి కొత్త డొమైన్ తీసుకున్నాం, ఈసారి ఆయన పేరు మీద, ఆయన మెయిల్‌తో. సర్వర్‌లో ఉన్న సైట్‌నే దానికి కలిపితే ఒక సాయంత్రంలో పని అయిపోయింది. పాత సంచులు మాత్రం బోలెడు మిగిలాయి. మామ, అత్త, నేను కూర్చుని ఒక్కో సంచి మీద పాత అడ్రస్ కనబడకుండా స్టిక్కర్ అంటించాం. మూడు ఆదివారాలు పట్టింది.

మీ ఇంట్లో ఎవరికైనా షాప్ సైట్ ఉంటే, ఈ రోజే ఆ డొమైన్ ఎవరి మెయిల్ మీద ఉందో అడగండి. "చేసినబ్బాయికే తెలుసు" అన్నారంటే, అతని నంబర్ మారకముందే ఫోన్ చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి.