‘కొన్ఫితెయోర్’: మన పెద్దలు ఒప్పుకొన్న మాట

పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల నేటి యువతకు లాటిను పూజ తెలియదు. 1846లో సవోయ్ ప్రాంతపు ఆన్సీ పట్టణం నుండి విశాఖపట్నం చేరిన పునీత ఫ్రాన్సిస్ డి సాల్స్ సభ గురువులు మన ఉత్తర కోస్తాలో చేసినది ఆ పూజయే. 1886లో విశాఖపట్నం పీఠం వెలసింది. 1993లో అందులోనుండి శ్రీకాకుళం పీఠం ఏర్పడింది. ఈ నడుమ, 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ పూజలో దేశభాషలకు చోటు కల్పించింది.

ఆ పాత పూజలో, గురువుకు సాయపడే బాలుడు వంగి, అందరి తరఫున ఒక ప్రార్థన చెప్పేవాడు. దాని మొదటి మాట ‘కొన్ఫితెయోర్’. ‘నేను ఒప్పుకొంటున్నాను’ అని అర్థం. లాటినులో ‘దొచెయో’ అంటే నేర్పుతున్నాను. ‘దొచెయోర్’ అంటే నేర్పబడుతున్నాను. ఆ లెక్కన ‘కొన్ఫితెయోర్’ కూడా కర్మణి రూపమే. అర్థం మాత్రం కర్తరి. ఇటువంటి క్రియలను ‘డిపోనెంట్’ అంటారు. ‘విడిచిపెట్టినది’ అని ఆ పేరుకు మూలార్థం.

దాని వర్తమాన రూపాలివి: కొన్ఫితెయోర్ (నేను), కొన్ఫితేరిస్ (నీవు), కొన్ఫితేతుర్ (అతడు, ఆమె), కొన్ఫితేముర్ (మేము), కొన్ఫితేమినీ (మీరు), కొన్ఫితెంతుర్ (వారు). ‘ఒప్పుకొన్నాను’ అనడానికి పురుషుడు ‘కొన్ఫెస్సుస్ సుమ్’ అంటాడు, స్త్రీ ‘కొన్ఫెస్సా సుమ్’ అంటుంది.

ఇది మనకు వింత కానక్కరలేదు. సంస్కృతంలో ఆత్మనేపదం ఉన్నది. అక్కడి ‘మ్రియతే’, లాటిను ‘మోరితుర్’ ఒకే ధాతువునుండి వచ్చినవి. రెండింటికీ ‘మరణిస్తున్నాడు’ అనే అర్థం. తెలుగుకు ఆత్మనేపదం లేదుగాని ‘కొను’ ఉన్నది. ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు: కూలికి వెళ్లి పరుల తోటలో కాయలు దింపాము, మన తోటలో దింపుకొన్నాము. ఆ ప్రార్థనలోని ‘కొన్ఫితెయోర్’ ఒప్పుకొనుట, ‘ప్రేకోర్’ వేడుకొనుట. ఆ వేళ చేసే పని రొమ్ము కొట్టుకొనుట. లాటినులో మొదటి రెండూ డిపోనెంట్లు. తెలుగులో మూడింటా ‘కొను’ నిలిచింది.

విశ్వాస ప్రమాణంలోని ‘పాస్సుస్’, ‘క్రుచిఫిక్సుస్’, ‘మోర్తుఉస్’ అనే మూడు మాటలూ చూపునకు ఒక్క తీరుగానే ఉంటాయి. అర్థాన్ని పట్టి తెలుగు చేస్తే బాధలను భరించి, సిలువ వేయబడి, మరణించి అవుతుంది. ‘బడు’ నడిమి మాటకే చెల్లుతుంది. సిలువ వేసినవారు ఇతరులు, భరించినవాడు ఆయన. రూపాన్ని మాత్రమే చూచి తర్జుమా చేసి ఉంటే ఈ భేదం పోయేది.

లాటిను రానివారు చెప్పిన ప్రార్థన వట్టి చిలుకపలుకేనా అని కొందరు మమ్ము అడుగుతారు. పదాల అర్థం వారిలో అనేకులకు తెలియకపోవచ్చు. కాని రొమ్ము కొట్టుకొన్న చేయి వారిదే. ఎవరో ఒప్పించగా ఒప్పింపబడుట వేరు, తానే ఒప్పుకొనుట వేరు. నేడు ఇంటి భాషలోనే ఆ మాట చెబుతున్నాము. అర్థం తెలియలేదనే సాకు మనకు లేదు.