ఆమ్లోడిపిన్ వాపు: తప్పు పీడనానిదా, నాళం గోడదా?

ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ ప్రాంతాల్లో బీపీ మాత్రలు వాడే లైట్‌మెన్, సెట్ అసిస్టెంట్లు, మేకప్ వాళ్లతో మాట్లాడినప్పుడు ఒకటే ఫిర్యాదు పదేపదే వినిపించింది: ప్యాకప్ అయ్యేసరికి చెప్పులు పట్టడం లేదు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది. వీరిలో ఎక్కువమంది వేసుకునేది ఆమ్లోడిపిన్. మోతాదు 5 నుంచి 10 మి.గ్రా.కు పెరిగాక వాపు ముదిరిందని చెప్పినవారున్నారు. కొందరు ఉప్పు మానేశారు, కొందరు కిడ్నీలు చెడ్డాయేమోనని పరీక్షలకు పరుగెత్తారు. పొద్దంతా నిలబడే పని కాబట్టి కాళ్లకు నీరు పట్టడం మామూలేనని సర్దిచెప్పడం వైద్యులకు అలవాటైపోయింది. ఆ సర్దుబాటు వెనుక ఒక సిద్ధాంతముంది. నా పేచీ దానితోనే.

గుస్టాఫ్సన్ 1987లో ప్రతిపాదించిన వివరణ ఇది. మనిషి నిలబడగానే కాళ్లలోని ధమనికలు ముడుచుకుని కేశనాళికలను పీడనం నుంచి కాపాడాలి. ఆమ్లోడిపిన్ లాంటి కాల్షియం నిరోధకాలు ఆ ముడుచుకునే శక్తిని తగ్గిస్తాయి. దాంతో కేశనాళికల్లో పీడనం పెరిగి నీరు బయటికి వస్తుంది. ఈ లెక్కలో నాళం గోడ నిర్దోషి. పాఠ్యపుస్తకాలు దీన్నే పట్టుకున్నాయి, మన కళాశాలల్లో ఇప్పటికీ ఇదే పాఠం. వాదన చక్కగానే ఉంది. ఆ చక్కదనమే దాన్ని ఎవరూ మళ్లీ తరచి చూడకుండా చేసిందని నా అనుమానం.

1998లో తహెర్జాదే, దాస్, వారెన్ అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజియాలజీలో ప్రచురించిన ఫలితాలకు దక్కాల్సిన స్థానం దక్కలేదు. ఆమ్లోడిపిన్ కుటుంబానికే చెందిన నిఫెడిపిన్ సూక్ష్మనాళాల పారగమ్యతను పెంచుతుందని, కేశనాళికల తర్వాత వచ్చే సూక్ష్మసిరల మీద అది నేరుగా, స్థానికంగా పనిచేస్తుందని వారు తేల్చారు. ఆ చోటు గమనించదగ్గది. హిస్టమిన్ ప్రభావంతో ఎండోథీలియల్ (నాళం లోపొర) కణాల మధ్య సందులు తెరుచుకునేది సరిగ్గా అక్కడేనని మాజ్నో, పలాడే 1961లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించారు. ధమనికలు సడలడం ఒక్కటే కారణమైతే సూక్ష్మసిరల ప్రస్తావన ఎందుకు వస్తుంది?

ఇంకో సంగతి. ఇలాంటి పరీక్షలకు వాడే ప్రయోగశాల ఎలుక నాలుగు కాళ్ల జీవి. సెట్లో పన్నెండు గంటలు నిలబడదు. గుండెకూ పాదానికీ మధ్య మనిషికున్నంత ఎత్తు దానికి లేదు. దాని కణజాలంలో మందు వల్ల స్రావం పెరిగితే ఆ నేరాన్ని నిలబడటం మీదికి నెట్టలేం. స్రావాన్ని కొలిచే ఎవాన్స్ బ్లూ అనే రంగు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్‌ను అంటుకుని తిరుగుతుంది. చర్మం నీలంగా మారిందంటే ప్రొటీన్ దాటినట్టే. పీడనం ఒక్కటే నెడితే దాటే ద్రవంలో ప్రొటీన్ తక్కువగా ఉండాలి కదా.

ఈ పరీక్షలకు మామూలు ఎలుక చాలదు. ఒకామోటో, అవోకి 1963లో క్యోటోలో రూపొందించిన, వంశపారంపర్యంగా రక్తపోటుకు లోనయ్యే జాతి ఎలుకలు కావాలి. పోలికకు విస్టార్-క్యోటో ఎలుకలు. ఏళ్ల తరబడి పోటు తిన్న ఎండోథీలియం వేరు, ఆరోగ్యంగా ఉన్నది వేరు. కృష్ణానగర్ లైట్‌మ్యాన్‌ది మొదటి రకం.

ఆమ్లోడిపిన్‌కు రామిప్రిల్ లాంటి ఏసీఈ నిరోధకాన్ని జోడిస్తే వాపు తగ్గుతుందన్న మాట నిజమే, అది సిరలను కూడా సడలించడం వల్లనేనని పీడనవాదులు అంటారు. కానీ అదే మందుల కుటుంబం బ్రాడీకైనిన్‌ను విచ్ఛిన్నం కాకుండా ఆపుతుంది, బ్రాడీకైనిన్ నాళం గోడలో సందులు తెరుస్తుంది. అరుదుగా పెదవులు, నాలుక ఉబ్బే ఆంజియోఎడీమా అందుకే. (నాలుక ఉబ్బితే ఊపిరికే ముప్పు.) అంటే ఈ రెండు రకాల రక్తపోటు మందులూ ఏదో ఒక దారిలో గోడను తాకుతున్నాయి. వాటిని పోటు ఎంత దించాయన్న ఒక్క కొలతతో తూచడం ఇక చెల్లదు. గోడ ఎంత కారుతోందన్నదే మందు ఎంపికకు మొదటి ప్రమాణం కావాలని నా వాదన.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అనే ఊబకాయ ఎలుకల జాతిని పెంచి పోషించింది. జంతు నమూనాలు పెంచే నైపుణ్యానికి హైదరాబాదులో కొరత లేదు. ఆమ్లోడిపిన్, మరో కాల్షియం నిరోధకం సిల్నిడిపిన్, రామిప్రిల్‌లను రక్తపోటు ఎలుకల్లో పక్కపక్కన పెట్టి ఎవాన్స్ బ్లూతో కొలవాలి. ఆమ్లోడిపిన్ వల్ల వాచిన రోగి పాదం నుంచి ద్రవం తీసి అందులో అల్బుమిన్ ఎంతో కూడా చూడాలి. అది ఎక్కువగా ఉంటే, 1987 నాటి వివరణను పాఠం నుంచి తొలగించాల్సిందే.