రెండు తూనికరాళ్లు: దాంపత్య నమ్మకత్వము, విడాకుల చట్టము

సంఖ్యాకాండము 5వ అధ్యాయములో భర్తకు రోషము పుట్టినప్పుడు జరిగించవలసిన విధి ఉన్నది. సాక్షి లేకపోయినా అనుమానము చాలును. భార్య యాజకుని యెదుట చేదు నీళ్లు త్రాగాలి. భర్తను అనుమానించిన భార్యకు అటువంటి విధి ఏదీ అక్కడ కనబడదు. వ్యభిచారులు ఎక్కువైనప్పుడు మొదటి శతాబ్దపు బోధకుడైన యోహానాన్ బెన్ జక్కయి ఈ విధిని నిలిపివేశాడని మిష్నా తెలియజేస్తున్నది. అక్కడ చూపబడిన ఆధారము హోషేయ 4:14. పురుషులే వేశ్యలతో తిరుగుచుండగా స్త్రీలను మాత్రమే దండించడము ఎట్లని ఆ వచనము మనలను ఆలోచింపజేస్తుంది.

రోమా సామ్రాజ్యములోనూ ఇదే వ్యత్యాసము. క్రీ.పూ. 18లో ఔగుస్తు కైసరు తెచ్చిన చట్టము ప్రకారము వివాహిత తప్పిపోతే నేరము. భర్త దాసితోనో వేశ్యతోనో పోతే నేరము కాదు. సుమారు క్రీ.శ. 400లో జెరోము, ఫబియోలా అనే స్త్రీని గూర్చి వ్రాసిన లేఖలో దీనిని ఎదిరించాడు. కైసరు చట్టము వేరు, క్రీస్తు చట్టము వేరు. స్త్రీకి తగనిది పురుషునికీ తగదు అన్నదే ఆయన వాదము.

అయితే మన దేశములో క్రైస్తవులకు వర్తించిన 1869 నాటి విడాకుల చట్టము కైసరు వైపే మొగ్గింది. 10వ సెక్షను ప్రకారము భార్య వ్యభిచారమొక్కటే భర్తకు చాలిన కారణము. భార్యకైతే భర్త వ్యభిచారము చాలదు. దానితోపాటు క్రూరత్వమో, రెండేళ్లు విడిచిపెట్టడమో, అటువంటి మరొక అపరాధమో చూపాలి. 34వ సెక్షను క్రింద భర్త తన భార్యతో తప్పు చేసినవాని నుండి నష్టపరిహారము కోరవచ్చు. భార్యకు ఆ హక్కు లేదు. అనగా భర్త రోషము ఆస్తి హక్కుగా, భార్య రోషము ఓర్చుకోవలసిన బాధగా ఎంచబడినవి.

ఈ చట్టమునకు మాతృకయైన ఇంగ్లాండు చట్టము 1923లోనే సరిచేయబడింది. మన చట్టము మారినది 2001లో, అనగా 132 సంవత్సరముల తరువాత. అప్పుడు 34వ సెక్షను కూడా తొలగించబడింది.

చట్టము మారింది, మన పాస్టరు గది మారిందా? భర్త అనుమానముతో వస్తే భార్యను విచారణకు పిలిచి, భార్య కన్నీటితో వస్తే "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి" అని పంపివేస్తే, మన చేతిలో ఇంకను రెండు తూనికరాళ్లు ఉన్నట్టే. విడాకులను మనము ప్రోత్సహించనక్కరలేదు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగితే చాలును.