మాస్టర్ కీ కథ

ఆఫీసు తలుపు అంచులో గాడి తొలిచి లోపలికి దింపేసే పెట్టెలాంటి తాళాన్ని మోర్టిస్ లాక్ అంటారు. తాళంచెవి పోతే పెట్టెంతా పీకక్కర్లేదు. అమెరికన్ రకమైతే అంచున ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి, సిలిండర్‌ని తిప్పి బయటికి తీసి, కొత్తది బిగిస్తే సరి. మన భాషలో మాడ్యూల్ మార్చడమే. లోపలి పిన్నుల పద్ధతికి లైనస్ యేల్ జూనియర్ 1861లో, మళ్ళీ 1865లో పేటెంట్లు తీసుకున్నాడు. పాపం, 1868లో హెన్రీ టౌన్‌తో కలిసి కంపెనీ పెట్టి, అదే ఏడాది పోయాడు.

చిక్కల్లా మాస్టర్ కీ తోనే. ఒకే తాళం రెండు రకాల తాళంచెవులకి తెరుచుకోవాలంటే పిన్నుల్ని రెండేసి చోట్ల కోయాలి. 2003లో ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌కి చెందిన మాట్ బ్లేజ్ దీన్ని సెక్యూరిటీవాడి కళ్ళతో చూశాడు. ఆరు పిన్నులు, ఒక్కోదానికి పది ఎత్తులు అనుకోండి. మొత్తం పది లక్షల కాంబినేషన్లు. కానీ మామూలు ఉద్యోగి ఆరు ఖాళీ తాళంచెవులు, ఓ ఆకురాయి తెచ్చుకుని, తన దానికి నకళ్ళు చేస్తూ ఒక్కోదాంట్లో ఒక్క గాటునే మెల్లగా లోతు చేస్తూ తిప్పి చూస్తే? మహా అయితే 54 ప్రయత్నాలు! పాస్‌వర్డ్‌లో ఒక్కో అక్షరం కరెక్టో కాదో సిస్టమే చెప్పేస్తున్నట్టు అన్నమాట :)

తాళాలవాళ్ళు మండిపడ్డారు. ఈ కిటుకు వాళ్ళలో కొందరికి ముందే తెలుసు, తెలియంది తలుపుల యజమానులకే. అందుకే నా ఓటు బ్లేజ్‌కే. ఎందుకంటే మాస్టర్ బయటికి పోయిందంటే ఒక్క సిలిండర్ మారిస్తే చాలదు, దాని కింద ఉన్న ప్రతి తలుపుదీ మార్చాలి.