మందు దొరకుట, మందు చేరుట: మెదడు వ్యాధుల చికిత్సా చరిత్ర

గుడిబండె కొండకోట నెక్కినవారికి దాని కట్టడపు తీరు తెలియును. 17వ శతాబ్దమున బైరేగౌడ అను పాలెగాడు కట్టించెనని చెప్పెడి ఈ కోట అంచెలంచెలుగా బండమీదికి సాగును. ఒక ద్వారము దాటినవాడు మరియొక ద్వారమువద్ద ఆగవలసినదే. శత్రువునకే కాదు, ధాన్యము మోసికొనిపోవు మిత్రునకును ఆ ద్వారము అడ్డమే. మానవదేహమున మెదడును ఇట్టి దుర్గమే. విషమును లోనికి రానీయని కావలి మందునుగూడ రానీయదు.

మెదడు వ్యాధుల విషయమున మందు దొరకుట సగము పని మాత్రమే; చేరవలసిన చోటికి అది చేరుట తక్కిన సగము. ఈ వ్యాసమున చూపదలచినది ఇంతమాత్రమే. ఈ రెండవ సగపు చరిత్రలో తెలుగువారికిని, మన సరిహద్దు సీమకును సంబంధించిన ఘట్టములు కొన్ని కలవు. వానిని వరుసగా వివరింతును.

కావలి కనబడిన విధము

1885లో పాల్ ఎర్లిక్ అను జర్మను వైద్యుడు జంతువుల రక్తములోనికి రంగులనెక్కించి పరీక్షించెను. అవయవములన్నియు రంగుపట్టెను, మెదడు మాత్రము తెల్లగనే నిలిచెను. మెదడునకు ఆ రంగులను గ్రహించు గుణము లేదని ఆయన తలంచెను. ఆయన శిష్యుడైన గోల్డ్‌మన్ 1913లో ఒక రంగును మెదడు చుట్టునుండు ద్రవములో ప్రవేశపెట్టగా, ఈ మారు మెదడు రంగుపట్టెను, తక్కిన దేహము పట్టలేదు. కావున దోషము మెదడు గుణములో లేదు. రక్తమునకును మెదడునకును నడుమ ఏదో అడ్డమున్నదని తేలెను. 1967లో రీస్, కర్నోవ్‌స్కీ అను పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ అడ్డమును కన్నులార చూచిరి. మెదడులోని సన్నని రక్తనాళముల గోడలలో కణమునకును కణమునకును నడుమ సందు లేకుండ అతుకులు బిగిసియున్నవి. దీనినే రక్త–మస్తిష్క అవరోధమందురు. క్రొవ్వులో కరగెడి చిన్న పదార్థములు దీనిని దాటగలవు. చక్కెరకును, కొన్ని ఆమ్లములకును ప్రత్యేకమైన వాహకములు కలవు. మందులలో పెక్కింటికి ఈ రెండు త్రోవలును లేవు.

సుబ్బారావుగారి మందు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు చేసి, 1940లో లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లిరి. వారి నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. పిమ్మట దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథొట్రెక్సేట్ అను మందులను రూపొందించెను. కణము రెండు కావలెనన్న ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలిన విరోధిని కణము పొరబడి గ్రహించినచో దాని వృద్ధి ఆగిపోవును.

బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు అమినోప్టెరిన్‌ను రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న బాలురకిచ్చి, 1948 జూన్‌లో ఫలితములు ప్రకటించెను. 16 మందిలో 10 మందికి గుణము కనబడెను, అదియు తాత్కాలికమే. అంతకుముందు ఈ వ్యాధికి పనిచేసిన మందే లేదు. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు కాలధర్మము చెందిరి.

తరువాతి కథ వారు చూడలేదు. పిల్లలు మునుపటికంటె ఎక్కువకాలము బ్రతుకజొచ్చిన కొలది ఒక వింత బయటపడెను. రక్తమును పరీక్షించిన వ్యాధి కనబడదు. కాని తలనొప్పియు వాంతులును ఆరంభమగును. మందు ప్రవేశింపలేని మెదడు పొరలలో క్యాన్సరు కణములు దాగియుండి, అచ్చటనుండి తిరిగి వ్యాపించుచుండెను. మనకు మూతపడిన కోట శత్రువునకు ఆశ్రయమైనది.

దీనికి వైద్యులు కనుగొన్న ఉపాయము మిక్కిలి సరళము. నడుమువద్ద వెన్నెముక సందున సూదిగ్రుచ్చి, మెదడును వెన్నుపామును చుట్టియుండు ద్రవములోనే మందు వేసిరి. 1962లో మెంఫిస్ నగరమున ప్రారంభమైన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ ఈ విధానమును, తలకు కిరణచికిత్సతోను ఇతర మందులతోను జతచేసి, 1967 మొదలుకొని ప్రయోగించెను. సుమారు సగము మంది పిల్లలు పూర్తిగా స్వస్థులైరి. కిరణముల వలన పిల్లల బుద్ధివికాసమునకు హాని కలుగుట తెలిసిన పిమ్మట, కాలక్రమమున వానిని చాలవరకు తగ్గించి, నడుము సూదినే నిలిపిరి. 1979 ప్రాంతమున ఎడ్వర్డ్ న్యూవెల్ట్ అను శస్త్రవైద్యుడు మరియొక త్రోవ తొక్కెను. మెదడునకు పోవు ధమనిలో మానిటాల్ అను చక్కెరద్రావణము నెక్కించినచో నాళపు గోడకణములు కొంతసేపు ముడుచుకొని అతుకులు వదులగును. ఆ వ్యవధిలో ఆయన పంపిన మందులలో మెథొట్రెక్సేట్ ముఖ్యమైనది. మందు మారలేదు, త్రోవ మారినది.

దూలగొండి గింజ

దూలగొండి కాయల నూగు ఒంటికి తగిలిన ఎట్టి దురద పుట్టునో పల్లెలలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆ కాయలోని గింజలనుండి 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయనశాలలో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు లీవోడోపా అను పదార్థమును వేరుచేసిరి. దాని ప్రయోజనము లోకమునకు తెలియుటకు మరి ఇరువదియేండ్లకు పైగా పట్టెను.

చేతులు వణకి, అడుగు సాగక, మొగమున కదలిక తగ్గిపోవు వ్యాధిని మనవారు కంపవాతమనిరి. పాశ్చాత్యులు పార్కిన్‌సన్ వ్యాధి అందురు. మెదడులో డోపమైన్ అను రసాయనము తరుగుటయే దీనికి ముఖ్యకారణము. అట్లయిన డోపమైన్‌నే ఇవ్వరాదా? ఇచ్చినను కావలి దానిని లోనికి పోనీయదు. లీవోడోపా ఆమ్లజాతికి చెందినది కావున, ఆమ్లములను మోయు వాహకమునెక్కి అది లోనికి పోవును. పోయిన పిమ్మట ఒక ఎంజైము దానిని డోపమైన్‌గా మార్చును. 1961లో వియన్నాలో బిర్క్‌మేయర్, హోర్నికీవిచ్ అనువారు దీనిని రోగులకిచ్చి గుణము చూచిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ దీనిని నిత్యచికిత్సగా నిలబెట్టెను.

అయితే ఆ మార్పు మెదడు వెలుపలను జరుగుట వలన వాంతులు మొదలైన బాధలు కలిగెను. దానిని ఆపుటకు కార్బిడోపా అను మందును జతచేసిరి. కార్బిడోపా కావలిని దాటలేదు. కావున వెలుపలి మార్పునే ఆపును, లోపలి పనికి అడ్డురాదు. ఇంతకాలము వైద్యుని అడ్డగించిన కావలియే ఈ మారు వైద్యునకు సహాయమైనది. పప్పు, మాంసము మొదలైన మాంసకృత్తుల భోజనముతో ఈ మందు సరిగా పనిచేయకపోవుటకును కారణమిదే. అన్నియు ఒకే వాహకమునకై పోటీపడును. గింజలోని మందు మోతాదు నిలుకడగా నుండదు కనుక, వైద్యుని సలహా లేక దూలగొండి గింజలను తినుట ప్రమాదకరము.

జన్యువునే పంపుట

మందును ప్రతిదినము పంపుటకు బదులు, దానిని తయారుచేసెడి విధానమునే కణమునకు నేర్పిన ఎట్లుండును? జన్యుచికిత్సకు మూలమైన ఆలోచన ఇదియే. తన జన్యువులు తీసివేయబడిన వైరస్‌ను బండిగా చేసికొని, కావలసిన జన్యువును అందులో నుంచి పంపుదురు. ఆమోదము పొందిన మొదటి చికిత్స 1990లో అమెరికాలో రోగనిరోధకశక్తి లోపించిన ఒక బాలికకు జరిగెను. 1999లో ఇట్టి ప్రయోగములో ఒక యువకుడు మరణించుటచే ఈ శాస్త్రము చాలకాలము వెనుకంజవేసెను.

మెదడునకు ఈ బండి చేరుటకు రెండు త్రోవలు ఏర్పడినవి. మొదటిది శస్త్రచికిత్స. లీవోడోపాను డోపమైన్‌గా మార్చు ఎంజైము పుట్టుకతోనే లోపించిన శిశువులు మెడ నిలుపలేరు, మాటలాడలేరు. తైవాను వైద్యులు పుర్రెకు చిన్న రంధ్రములు చేసి, ఆ ఎంజైము జన్యువును మెదడు నడిమి భాగమునకే చేర్చి, 2012లో ఫలితములు ప్రకటించిరి. కదలని పిల్లలలో కొందరు తల నిలిపిరి, కూర్చుండిరి. ఆ చికిత్సను 2022లో ఐరోపా, 2024లో అమెరికా ఆమోదించినవి. దూలగొండి గింజతో మొదలైన కథలోని ఎంజైమే ఇచ్చట మరల వచ్చినది.

రెండవ త్రోవ రక్తమే. 2009లో, ఏఏవీ9 అను వైరస్ ఎలుకపిల్లలలో కావలిని దాటి నాడీకణములను చేరగలదని తెలిసెను. దాని ఆధారమున వెన్నుపాము నాడులు క్షీణించు శిశువ్యాధికి జోల్‌జెన్‌స్మా అను చికిత్స 2019లో అమెరికాలో ఆమోదింపబడెను. ఒక్కసారి ఇచ్చిన చాలును. కాని దాని వెల అప్పుడు సుమారు 21 లక్షల డాలర్లు. మన దేశమున పదునారు కోట్ల రూపాయలకై తలిదండ్రులు దాతలను వేడుకొనిన వార్తలు పాఠకులు చదివియేయుందురు. నాళపు కావలిని దాటిన మందునకు వెల అను మరియొక ద్వారము అడ్డమైనది.

మన పొరుగున జరుగుచున్న పని

జన్యుచికిత్స ప్రధానముగా ఒకే జన్యువు చెడుటచే కలుగు అరుదైన వ్యాధులలోనే ఫలించినది. పెద్దవయసున వచ్చు మతిక్షీణత అట్టిది కాదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనము ప్రకారము భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతము మంది, అనగా సుమారు 88 లక్షలమంది, దీనితో బాధపడుచున్నారు. పట్టణములకంటె పల్లెలలో ఇది హెచ్చు.

ఈ రంగమున ముఖ్యులలో ఒకరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్‌గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో చేరి, మెదడులోపల మందులు ఏ మార్పులు చెందునో పరిశోధించిరి. మానేసరులోని జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రమునకు తొలి అధిపతియు వారే. వారి బృందము 2012లో ప్రకటించిన ఫలితము మన విషయమునకు మిక్కిలి దగ్గరిది. పెన్నేరుగడ్డ సారము తినిపించిన ఎలుకలలో, మెదడులో పేరుకొనిన అమిలాయిడ్ అను మలినము తగ్గెను. ఆ సారము పనిచేసినది మెదడులో కాదు, కాలేయములో. అచ్చట ఒక ప్రోటీన్ వృద్ధియై, మలినమును రక్తముద్వారా మెదడునుండి వెలుపలికి లాగెను. మందు కోటలోనికి పోకుండగనే కోట శుభ్రపడవచ్చునన్నమాట. ఇది ఎలుకలలోని ఫలితము. మనుష్యులలో ఇంకను నిరూపణము కావలెను.

2014లో భారతీయ విజ్ఞానసంస్థ ఆవరణమున మస్తిష్క పరిశోధన కేంద్రము స్థాపితమైనది. ఆ కేంద్రము 2018లో కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెలలో ఒక దీర్ఘకాలిక అధ్యయనము ప్రారంభించెను. 45 ఏండ్లు దాటిన పదివేలమందిని చేర్చుకొని, వారి జ్ఞాపకశక్తిని, రక్తమును, జన్యువులను అనేక సంవత్సరములు పరిశీలింపవలెనని సంకల్పము. శ్రీనివాసపురము చింతామణికి పొరుగు. 2007 వరకు గుడిబండె, బాగేపల్లి, చింతామణి తాలూకాలును కోలారు జిల్లాలోనివే. అచ్చటి రైతుల ఇంటిభాషగా తెలుగు మనకువలెనే వినబడును.

ఈ అధ్యయనము విలువ రెండు విధములు. వ్యాధుల జన్యుజ్ఞానము ఇంతవరకు ఎక్కువగా ఐరోపా సంతతివారినుండి సేకరింపబడినది. అది మన శరీరములకు యథాతథముగా వర్తించునని చెప్పలేము. మన పల్లెవారు పరీక్షకు ముందుకు వచ్చినకొలది రేపటి మందు మనకును సరిపడును. ఇక రెండవది భాష. మతిక్షీణతను కనిపెట్టుటకు మాటలు చెప్పించి, మరల తలచుకొమ్మందురు. ఇంట తెలుగు మాటలాడు అవ్వను ఆమెకు అలవాటులేని భాషలో అడిగినచో, ఆమె తడబాటు వ్యాధియో భాషయో ఎవరు చెప్పగలరు? కావున ఈ సీమలోని తెలుగు, వైద్యునకును అవసరమైన సాధనము.

తుదిమాట

ఎర్లిక్ చూచిన తెల్లని మెదడునుండి నేటి జన్యుచికిత్స వరకు జరిగినది ద్వారములను ఒక్కొక్కటిగా దాటుట. నాళపు గోడను దాటుట శాస్త్రజ్ఞుల పని. వెలను దాటుట ప్రభుత్వముల పని. మూడవ ద్వారము మన గడపయే. తాత దారి మరచిన చాదస్తమని, బిడ్డకు మూర్ఛ వచ్చిన గాలి సోకినదని ఊరకున్నచో, ఎంత గొప్ప మందైనను ఆ గడపవద్దనే ఆగిపోవును. ఆ ద్వారమును తెరచుట మన చేతిలోని పని.